పదహారు పాత కంప్యూటర్లు, ఒక బోరు

మేనమామ కూతురి పెళ్ళికని భువనగిరి పోయి, ఫంక్షన్ హాల్ గేటు ముందు ఆటో దిగి, లోపలికి పోకుండా కాసేపు అక్కడే నిలబడిపోయాను. అది నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీ. పిల్లలు చేరక మూతపడిందని విన్నాను గానీ, పెళ్ళిళ్ళకు కిరాయికిస్తున్నారని తెలియదు. ప్రిన్సిపాల్ గదిని పెళ్ళికూతురి గది చేశారు. సెమినార్ హాలులో భోజనాల బంతులు సాగుతున్నాయి. నేను ఆఖరి బెంచీలో కూర్చుని కునుకుతీసిన క్లాసు గుమ్మంలో ఒకాయన బగారా అన్నం గంజు మీద మూత తీసి ఆవిరి చూస్తున్నాడు. ఎవరూ గమనించకుండా మెట్లెక్కి మూడో అంతస్తుకు పోయాను. అక్కడి కంప్యూటర్ ల్యాబులో ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు, షామియానా గుడ్డలు, నా నడుమెత్తు వంట గంజులు ఉన్నాయి. కుర్చీల దొంతర వెనక, గోడకు, ఇనప కరెంటు డబ్బా అట్లాగే ఉంది. దాని మీద తెల్ల పెయింటుతో మా బాపు చేతిరాత: ఎర్ర ఆరు, పసుపు ఐదు, నీలం ఐదు. నేను దాన్ని వేలితో తడుముతూ ఉండగా అమ్మ వెతుక్కుంటూ పైకొచ్చింది. "తలంబ్రాలు పడుతున్నయి, నువ్వు గీ గంజుల నడుమ ఏం జేస్తున్నవే?" అంది. ఏమని చెప్పను? నా జీవితంలో అంత సంబరంగా గడిచిన రోజులు మరి లేవు. ఆ రోజులన్నీ ఈ గదిలోనే గడిచాయి.

మా ఇంటి ముందు గదే బాపు దుకాణం. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టడం ఆయన పని. ఎండాకాలం వచ్చిందంటే ఊళ్లలో మోటార్లు వరసగా కాలేవి. ట్రాలీ ఆటోల్లో, ట్రాక్టర్లలో, ఒక్కోసారి ఆర్టీసీ బస్సు టాపు మీద, మోటార్లు మా ఇంటికి వచ్చేవి. ఇల్లంతా రెండు వాసనలు. ఒకటి కాలిన తీగది, ముక్కు లోపల గరుకుగా తగిలేది. రెండోది వార్నీషుది, తియ్యగా ఉండి తల తిప్పేది. బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్లలు "మీ ఇంట్ల పెయింట్ ఏస్తున్నరా?" అని ఏడాది పొడుగునా అడిగేవాళ్లు. అమ్మ వంట అయ్యాక గచ్చు మీద కూర్చుని, తీగకూ ఇనుముకూ మధ్య పెట్టే దళసరి కాగితాన్ని కత్తెరతో కొలతకు కోసేది. బాపు పీట మీద కూర్చుని చుట్లు లెక్కపెడుతూ తీగ చుట్టేవాడు. ఆయన పెదవులు కదులుతుంటే ఇంట్లో ఎవరం మాట్లాడకూడదు. కుక్కర్ విజిల్ వస్తుందేమోనని అమ్మ ముందుగానే పొయ్యి తగ్గించేది. అయినా ఎవరో ఒకరు వచ్చి "శంకరన్నా, నా మోటర్ అయిందా?" అని కేకేసేవారు. బాపు విసుక్కునేవాడు కాదు. ప్రతి యాభై చుట్లకూ పక్కనున్న పలక మీద సుద్దతో ఒక గీత గీసి పెట్టుకునేవాడు. లెక్క తప్పితే ఆఖరి గీత దాకా తీగ విప్పి, అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెట్టేవాడు. సాయంత్రం కిరసనాయిలుతో చేతులు రుద్దుకుని, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుని గాని కంచం ముందు కూర్చునేవాడు కాదు.

అవ్వ, అంటే బాపు వాళ్లమ్మ, వాకిట్లో నులక మంచం మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ల పాదాలను చూసి పేర్లు చెప్పేది. ఆమె మెడ పైకి లేవదు. వెన్ను కర్రలా బిగుసుకుపోయింది. ఆమె పుట్టినూరు నల్లగొండకు అవతల, ఫ్లోరైడు నీళ్ల ఊరు. పెళ్లయ్యే దాకా ఆ నీళ్లు తాగింది. భర్త పోయాక బాపును చంకన వేసుకుని మళ్ళీ అక్కడికే పోయి, ఇరవై ఏళ్లు కూలికి పోతూ అవే నీళ్లు తాగింది. చాయ్ తాగాలంటే గ్లాసు ఎత్తలేదు, గ్లాసు దగ్గరకు తనే వంగేది. "ఆకాశం సూసి ఎన్నేండ్లాయెనో" అని ఎప్పుడైనా అనేది, బాధగా కాదు, వానొస్తుందో లేదో నన్ను చూసి చెప్పమనడానికి.

రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను మూడో సంవత్సరం చదువుతున్నాను. ఆ ఏడు మా కాలేజీకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాతవాటిని తుక్కు కింద పంపేయమన్నారు. ల్యాబు చూసుకునే యాదయ్యన్నకు ప్రాణం ఒప్పలేదు. నలభై దాటిన మనిషి, పదో తరగతితో చదువు ఆపాడు, కానీ ఆ ల్యాబులో ఏ డబ్బా ఎప్పుడు ఏ జబ్బు చేసిందో ఆయనకు నోటికొచ్చు. "పానం ఉన్నదాన్ని తుక్కుల ఎట్ల ఏస్తరు?" అని, పనిచేసే వాటిని ఏరి ఒక మూల పెట్టాడు. సరిగ్గా పదహారు తేలాయి. అదే రోజుల్లో సివిల్ డిపార్టుమెంటు విజయ మేడం మా క్లాసుకొచ్చి, ప్రోగ్రాములు రాయడం వచ్చినవాళ్ళు ఇద్దరు కావాలని అడిగింది. నేనూ, నా పక్కన కూర్చునే మేరీ చేతులెత్తాం. మేరీ వాళ్ల నాన్న రైల్వేలో పట్టాలు చూసే గ్యాంగ్‌మన్. మేరీకి భయమంటే తెలియదు. పరీక్షలో ప్రశ్నే తప్పని వాదించి మార్కులు తెచ్చుకున్న పిల్ల.

మేడం తను చేస్తున్న పని ఏమిటో చెప్పింది. మా అవ్వ పుట్టినూరు చుట్టూ ఆరు ఊళ్లలో బావి బావికీ తిరిగి సీసాల్లో నీళ్లు పట్టి పరీక్ష చేసింది. ఇప్పుడు ఆ నేలంతటినీ కంప్యూటర్‌లో చిన్న చిన్న గళ్ళుగా, లోతులో పొరలుగా కోసి పెట్టింది. ప్రతి గడిలో నీరెంత ఉంది, ఎటు జారుతోంది, రాతిలోంచి ఫ్లోరైడు ఎంత కరిగి అందులో కలుస్తోంది అని ఒక్కో రోజు చొప్పున రాబోయే ముప్పై ఏళ్లకూ లెక్క కట్టాలి. ఎక్కడ బోరు వేస్తే ఏ దిక్కు నీళ్లు లాక్కొస్తుందో అప్పుడు తెలుస్తుంది. భూమి లోపల బండ పగుళ్లు ఎట్లా ఉన్నాయో ఎవరికీ కనబడదు కనుక, నాలుగు రకాలుగా ఊహించి నాలుగుసార్లు లెక్క వేయాలి. "నా కంప్యూటర్ మీద నెలన్నర పైనే పడుతుంది" అంది మేడం. మేరీ వెంటనే "పదహారింటిని కలిపి చేయిస్తే, మేడం?" అంది. అమెరికాలో, జపాన్‌లో పెద్ద పెద్ద లెక్కలు అట్లాగే చేస్తారని, వేల కంప్యూటర్లను ఒక్కటిగా కలిపితే దాన్ని క్లస్టర్ అంటారని పుస్తకంలో ఒక పేజీ చదివి ఉన్నాం. ఆ ఒక్క పేజీ ధైర్యంతో దిగాం.

యాదయ్యన్న వైర్లు కత్తిరించి కొసలు బిగించాడు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌ను మేరీ ఒక్కోదానిలో ఎక్కించింది. పద్ధతి చెప్పుకోవడానికి సులువే. నేలను పదహారు ముక్కలు చేసి ఒక్కో కంప్యూటర్‌కు ఒక ముక్క ఇస్తాం. ఎవరి ముక్కలో లెక్క వాళ్లు చేసుకుంటారు. కానీ నీరు హద్దులు చూసుకుని పారదు కదా. అందుకని లెక్కలో ఒక్కో రోజు గడవగానే, గట్టు అవతలి పరిస్థితి ఏమిటో పక్క ముక్కవాడిని అడిగి తెలుసుకోవాలి. మొదట రెండింటిని కలిపి, పరీక్షకు ఒక చిన్న లెక్క ఇచ్చాం. లెక్క సగం సమయంలో అయిపోయింది. మేరీ నన్ను ఎత్తి గిర్రున తిప్పింది. నాలుగు కలిపాం. ఇంకా తగ్గింది. ఆ సాయంత్రం ఇంటికి పోతూ భువనగిరి గుట్టను చూస్తే ఆ కోటను నేనే కట్టించినంత గర్వంగా అనిపించింది. మర్నాడు పదహారూ కలిపాం. నాలుగింటితో అయిన దానికంటే నెమ్మదిగా నడిచింది!

నమ్మలేక మూడుసార్లు వేశాం. మూడుసార్లూ అంతే. మేడం తల పట్టుకుంది. నేను ప్రోగ్రాం వరస వరసా చదివాను. తప్పేమీ లేదు. సరిగ్గా అప్పుడే సత్తయ్య తాత నుంచి ఫోను వచ్చింది. సత్తయ్య తాత మా అవ్వ తమ్ముడు, ఆ ఊరి సర్పంచ్. "బిడ్డా స్వరూపా, ఊరికి మంచినీళ్ల బోరు మంజూరైంది. బోరు బండి పది రోజులల్ల వస్తది. బడి కాడ ఏద్దామనుకుంటున్నం. కొబ్బరికాయ పట్టుకొని నీళ్లు చూసేటాయన గూడ ఆడనే పడుతయన్నడు. మీ మేడం లెక్క ఏమన్న తేలిందా?" అన్నాడు. బండి వస్తే ఆగదనీ, ఒక్కరోజు దాటితే ఇంకో ఊరికి పోతుందనీ, మళ్ళీ దొరకాలంటే వచ్చే ఎండాకాలమేననీ చెప్పాడు. బడి దగ్గర పాత బావి నీళ్లు ఇప్పటికి పర్వాలేదు. కానీ లోతుగా తవ్వి ఏళ్ల తరబడి తోడితే ఏమవుతుందన్నదే మేడం భయం. ఆ నీళ్లు తాగబోయేది బడిపిల్లలు.

మాకు దారి చూపించింది యాదయ్యన్న. మేమంతా తెర మీద అంకెలు చూస్తుంటే, ఆయన చేతులు కట్టుకుని ఆ డబ్బాల మధ్య నిలబడి చెవి పెట్టి వింటున్నాడు. "మేడం, జర ఇటు రాండ్రి. పని జేసేటప్పుడు వీటి ఫ్యాన్లు మొత్తుకుంటయి. ఇప్పుడు సప్పుడు లేదు. గీ వైర్లన్ని కలిసే డబ్బ చూడుండ్రి, దీని లైట్లు మాత్రం ఆగకుంట కొట్టుకుంటున్నయి. ఇవి పని జేస్తలేవు మేడం, ముచ్చట్లు పెడుతున్నయి" అన్నాడు.  మేరీ "అన్నా!" అని అరిచిన అరుపు కింద ఆఫీసు దాకా వినబడి ఉంటుంది. నిజమే. ప్రతి గడికీ ఒక్కో కబురు చొప్పున పక్కవాడికి పంపిస్తున్నాం. కంప్యూటర్లు పెరిగేకొద్దీ కబుర్లు పెరిగాయి, పని తగ్గింది. మేరీ, నేనూ రెండు రోజులు కూర్చుని ప్రోగ్రాం తిరగరాశాం. హద్దు మీది గళ్ళన్నింటి సంగతినీ ఒకే మూటగా కట్టి ఒకేసారి పంపడం, ఆ మూట దారిలో ఉండగా ఖాళీగా కూర్చోకుండా ముక్క నడుమ భాగంలో లెక్క కానిచ్చేయడం. మళ్ళీ మొదలుపెడితే పదహారు ఫ్యాన్లూ ఒక్కసారిగా హోరెత్తాయి. ఆ చప్పుడు విన్నప్పటి ఆనందం నాకు ఇప్పటికీ మాటల్లో చెప్పడం రాదు. లెక్క చూసుకుంటే నాలుగు ఊహలకూ కలిపి నాలుగు రోజులు చాలు. చేతిలో ఎనిమిది రోజులున్నాయి. మేరీ వాళ్లమ్మ పంపిన కేకు ముక్కలు అందరం తిన్నాం.

మూడో రోజు మధ్యాహ్నం, ఎండకు బండలు పగిలిపోతాయేమో అన్నట్టున్న వేళ, టప్‌మని చప్పుడయి అన్నీ ఆగిపోయాయి. ఊళ్లో కరెంటు పోలేదు. మా గదిలోనే పోయింది. కరెంటు డబ్బా నుంచి, మా ఇంట్లో పుట్టి పెరిగిన నాకు బాగా తెలిసిన ఆ కాలిన వాసన. మళ్ళీ వెలిగించి చూసుకుంటే మూడు రోజుల లెక్కలో ఒక్క అంకె మిగల్లేదు. అంతా కంప్యూటర్ల తలలోనే ఉంది, ఎక్కడా రాసి పెట్టుకోలేదు. ఇంటికొచ్చి బాపు ముందు ఏడ్చేశాను. ఆయన చేతిలో తీగ కింద పెట్టి, సాంతం విన్నాడు. "మూడు దినాల పని జేస్తిరి, నడుమల నిషానీ పెట్టుకోలేదా బిడ్డా?" అన్నాడు. నేను పలక మీది సుద్ద గీతల వైపు చూసి, ఏడుపు మరిచి నవ్వాను. పుట్టినప్పటి నుంచీ కళ్ళ ముందు కనబడుతున్న విషయం బుర్రకు తట్టలేదు. కొన్ని గంటలకు ఒకసారి లెక్క మొత్తాన్ని డిస్కు మీద రాసి పెట్టుకోవాలి. ఆగిపోతే అక్కడి నుంచి అందుకోవాలి.

మర్నాడు పొద్దున్నే బాపు తన పనిముట్ల సంచి భుజానికేసుకుని నాతో కాలేజీకి వచ్చాడు. కాలేజీ గేటు లోపలికి ఆయన రావడం అదే మొదటిసారి. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మేడంకు నమస్తే పెట్టి, తర్వాత ఎవరితోనూ మాట్లాడకుండా వైర్ల వెంట గోడ పొడవునా నడిచాడు. "పదారు డబ్బలు ఒక్కటే ఫేజు మీద ఏసిండ్రు. మిగిలిన రెండు ఫేజులు ఖాళీగ కూసున్నయి. గిట్లయితె కాలదా?" అని, బరువును మూడు తీగలకూ పంచాడు. ఎవరూ మళ్ళీ కలగాపులగం చేయకుండా, ఏ రంగు తీగకు ఎన్ని కంప్యూటర్లో డబ్బా మీద పెయింటుతో రాశాడు. గది పైన రేకుల కప్పు కనుక వేడికి కంప్యూటర్లు వాటంతటవే ఆగిపోతున్నాయని యాదయ్యన్న చెప్పాడు. బాపు ఇంటి కూలర్ తెప్పించి, నీటి ఆవిరి నేరుగా డబ్బాలకు తగలకుండా గుమ్మం బయట పెట్టి, ఎదురు కిటికీలో మోటారు దుకాణం ఫ్యాను తిరగేసి బిగించాడు. లోపలి వేడి బయటికి పోసాగింది. ఆ సాయంత్రానికి మేరీ నిషానీ పెట్టే ప్రోగ్రాం రాసేసింది. చేతిలో సరిగ్గా నాలుగు రోజులు. కావలసిందీ నాలుగు రోజులే.

ఆ నాలుగు రోజులూ అమ్మ చద్దన్నం, పచ్చి పులుసు పంపేది. యాదయ్యన్న ఫ్యాన్ల చప్పుడు వింటూ అన్నం తినేవాడు. అవ్వ ఇంట్లో ఉండలేక "నా ఊరి నీళ్ల సంగతి, నేను ఆడనే ఉంట" అని బస్సెక్కి తమ్ముడింటికి పోయింది. మూడో రోజున రెండు కంప్యూటర్లు చచ్చాయి. ఈసారి ఎవరూ ఏడవలేదు. ఆఖరి నిషానీ దగ్గర ఆపి, పనిని పద్నాలుగింటికి పంచి మళ్ళీ నడిపించాం. దాంతో కొన్ని గంటలు ఆలస్యమైంది. బోరు బండి వచ్చే రోజు తెల్లారింది, లెక్క ఇంకా పూర్తికాలేదు. తొమ్మిదింటికి సత్తయ్య తాత ఫోన్ చేశాడు. "బండొచ్చింది. డ్రైవర్‌కు చాయ్ తాగిపిస్తున్న. జల్ది చెప్పుండ్రి." పదింటికి మళ్ళీ చేశాడు. "టిఫిన్ గూడ తినిపిచ్చిన. ఇగ ఆగుతలేడు." మూడు ఊహల ఫలితాలు అప్పటికి చేతిలో ఉన్నాయి. మూడూ బడి దగ్గర వద్దనే చెబుతున్నాయి. అక్కడ తోడితే ఆరేడేళ్లలో తూర్పు బండ లోపలి ఫ్లోరైడు నీళ్లు అటే జారి వస్తాయి. ఊరి పైన, కుంట కట్ట కింది మెట్ట చెలక మేలు. వాన నీళ్లు అక్కడ ఇంకుతాయి, బోరును మాత్రం లోతుకు పోనీయకుండా మధ్యలోనే ఆపాలి. పదిన్నరకు నాలుగో ఊహ ఫలితం వచ్చింది. రెండు చోట్లకూ పెద్ద తేడా లేదంది.

మేడం ముఖం చిన్నబోయింది. "ఇంకో ఇరవై రకాలుగా వేసి చూస్తే గాని తెలియదు" అంది. ఫోను మోగింది. మేడం చెప్పడం మొదలుపెట్టింది. "సత్తయ్య గారూ, నాలుగింటిలో మూడు..." అవతల నుంచి బోరు బండి ఇంజను చప్పుడు, డ్రైవర్ కేకలు. "మేడం, గవన్ని నాకు తెల్వవు. ఎక్కడ ఏయాలె, ఒక్క మాట చెప్పుండ్రి" అన్నాడు తాత. మేడం ఆగింది. నేను ఫోను అందుకున్నాను. "తాతా, కుంట కిందనే. పక్కా." మేడం నా వైపు చూసింది. ఫోను పెట్టేశాక కారు తాళాలు అందుకుంది.

మేడం కారులో అందరం బయలుదేరి పోయేసరికి మధ్యాహ్నం దాటింది. ఊరు ఊరంతా చెలకలో ఉంది. బండి నుంచి నేలలోకి దిగుతున్న రాడ్ల చుట్టూ తెల్లని బండపొడి పొగలా లేచి అందరి తలలూ నెరిసినట్టయ్యాయి. కొబ్బరికాయ పట్టుకుని నీళ్లు చూసేటాయన గట్టు మీద అలిగి కూర్చున్నాడు. సత్తయ్య తాత నా దగ్గరకొచ్చి "నీ మాట మీద పంచాయతీల అందరి నోళ్లు మూయించిన బిడ్డా" అన్నాడు. ఆ మాట నాకు బండకంటే బరువనిపించింది. పొడి కాస్తా తడి మన్నయింది, తర్వాత బురద, ఉన్నట్టుండి నీళ్లు పైకి ఎగిరి అందరి మీదా పడ్డాయి. జనం కేకలు వేశారు. మేడం మాత్రం నవ్వలేదు. "ఇక్కడే ఆపండి, ఇంక లోతుకు వద్దు" అని చెప్పి, నీళ్లు తేటపడే దాకా ఆగి, సీసాలో పట్టి, సంచిలోంచి మందు చుక్కలు తీసి అందులో వేసింది. ఎర్రగా ఉంటే మంచినీళ్లు, పసుపు తిరిగితే కావు.  అవ్వ నా చేయి పట్టుకుని "ఏ రంగు, ఏ రంగు?" అంటోంది. మేడం వంగి, సీసాను అవ్వ కళ్ళెదురుగా పట్టుకుంది. ఎర్రగానే ఉంది. అవ్వ చాలాసేపు చూసింది. తర్వాత దోసిలి పట్టి, దాని మీదికి తనే వంగి, అందరికంటే ముందు ఆమె తాగింది. గట్టు మీద అలిగిన ఆయన రెండో వరసలో వచ్చి తాగి, "నీళ్లున్నయని నేను గూడ అన్న గదా" అన్నాడు. "నువ్వు ఆడ అంటివి, ఇవి ఈడున్నయి" అంది మేరీ. ఆయనతో సహా అందరం నవ్వాం.

కొన్నేళ్లకు నది నీళ్లు పైపుల్లో ఇంటింటికీ వచ్చాయి. ఆ బోరు నీళ్లు ఇప్పుడు పశువులకు, బడి తోటకు వాడుతున్నారు. మొదట విన్నప్పుడు మనసు కాస్త చివుక్కుమంది గానీ, మా లెక్క ఆ నడుమ ఏళ్లకు అక్కరకొచ్చింది, అది చాలు. అవ్వ పోయి నాలుగేళ్లయింది. బాపు దుకాణం మూసేశాడు, చూపు ఆనకపోయినా అప్పుడప్పుడూ ఎవరిదో చిన్న మోటారు తెచ్చుకుని చుడతాడు. నేను హైదరాబాద్‌లో ఇంత పెద్ద హాలు నిండా బీరువాల్లా నిలబెట్టిన క్లస్టర్ దగ్గర పనిచేస్తున్నాను. దాని ఒక్క బీరువా తాగే కరెంటు మా పాత వీధి మొత్తానికి సరిపోతుంది. వేడిని గాలి మోయలేదని పైపుల్లో నీళ్లు తిప్పుతున్నాం. కంప్యూటర్ ఆటల కోసం పుట్టిన చిప్పులు ఇప్పుడు వాన రాకడనూ, మందుల తయారీనీ లెక్క కడుతున్నాయి. అవి ఎంత వేగమైనవో, వాటికి కబురు మోసే తీగలు అంతగా వెనకబడ్డాయి. వేల కంప్యూటర్లు కలిసి ఉన్నచోట రోజూ ఏదో ఒకటి చస్తూనే ఉంటుంది. ఇబ్బందులు అవే, సైజు మారింది. పొద్దున్నే ఆ హాలు తలుపు తీయగానే నేను ఇప్పటికీ ముందు చెవి పెట్టి వింటాను.

పెళ్ళి నుంచి వచ్చిన వారానికి నాకు ఒక కోరిక పుట్టింది. మేడం దగ్గర ఆ పాత ఫైళ్ళు ఇంకా ఉన్నాయి. అడిగి తెప్పించి, మా కొత్త యంత్రం మీద పెట్టాను. పదహారు కంప్యూటర్లు నాలుగు రోజులు చేసిన పని, నేను కుర్చీ సర్దుకునే లోపు అయిపోయింది. పట్టలేని సంతోషంతో, ఈసారి నాలుగు కాదు, బండ పగుళ్లను వెయ్యి రకాలుగా ఊహించి వెయ్యిసార్లు వేయించాను. చాయ్ తాగి వచ్చేసరికి ఫలితం సిద్ధంగా ఉంది. మూడింట రెండు వంతులకు కాస్త పైన కుంట కిందే మేలన్నాయి. మిగతావి, అంటే మూడు వందల దాకా, బడి దగ్గరైనా ఫర్వాలేదన్నాయి, వాటిలో కొన్ని బడి దగ్గరే మేలన్నాయి. నేను కుర్చీలో వెనక్కి వాలాను. పక్కా అన్న ఆ మాట పక్కా కాదు. ఊరు ఊరంతా నా మాట మీద నిలబడింది, నేను నాలుగో ఊహను మింగేసి మాట్లాడాను. మేరీకి ఫోన్ చేస్తే "నీళ్లు మంచిగనే పడ్డయి గదనే, ఇంక ఫికర్ ఏంది?" అంది. బాపుకు చెబితే, "మంచిగైంది కాబట్టి నవ్వుకుంటున్నం. కాకపోతె సత్తయ్య మామ ఆ ఊర్లె తలెత్తుకునేటోడా?" అన్నాడు.

అప్పటికీ ఇప్పటికీ తేడా వేగమేనని నేను చాలాచోట్ల ఉపన్యాసాల్లో చెప్పాను. ఇప్పుడు అట్లా అనిపించడం లేదు. మనకు ఎంత తెలియదో కూడా లెక్క కట్టి చెప్పగలగడం, అదీ ఒక పూటలో, ఇదే నాకు ఈ యంత్రాలు తెచ్చిన పెద్ద సంబరం. మొన్న పాలమూరు వైపు ఊళ్లకు భూగర్భజలం లెక్కలు పంపినప్పుడు, ఏ చోటు మేలని ఎన్నిసార్లు తేలిందో, కాదని ఎన్నిసార్లు తేలిందో రెండూ తెలుగులో రాసి పంపాను. రెండు రోజులకే ఒక సర్పంచమ్మ ఫోన్ చేసింది. "అమ్మా, నువ్వు గిట్ల అయితదని, కాదని రెండు రాస్తివి. ఇంతకు మేం ఎక్కడ తవ్వాలె?"

"రేపు పొద్దుగాల మొదటి బస్సుకు వస్తున్నక్కా. మీ ఊరోళ్లను కూడ పిలువు, కూసొని మాట్లాడుదాం" అన్నాను.